మా బావ, పాలిష్ రాజేశం

మూడు వారాల కింద, ఒక బుధవారం ఉదయం పదో తరగతి పిల్లలకు ఛందస్సు చెబుతున్నాను. నల్లబల్ల మీద గురులఘువుల గుర్తులు పెడుతుండగా జేబులో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి మోగితే వరండాలోకి వెళ్ళి ఎత్తాను. అవతల ఎస్తేరు. కోరుట్లలో మా బావ దగ్గర పని నేర్చుకొని ఆయనతో కలిసి పనిచేస్తున్న మనిషి. "సారూ, అన్న కూలవడ్డడు. దవాఖానకు తీస్కవోయినం. లేడన్నరు" అన్నది. ఆ తరువాత ఆమె ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. తరగతిలోకి తిరిగి వెళ్ళి, చేతిలో సుద్దముక్క ఎందుకున్నదో తెలియక చాలాసేపు నిలబడ్డాను.

సిరిసిల్ల నేతవాడలో పుట్టి, సిరిసిల్లలోనూ కోరుట్లలోనూ పాలిష్ రాజేశంగా పేరుపడిన మా బావ, మా భూలక్ష్మక్క భర్త, కోరుట్లలో ఒక వైద్యుడి కారుకు మెరుగుపెడుతూ దాని తలుపు మీద చెయ్యి ఆనించి అలాగే కిందికి జారిపోయాడట. యాభై ఏళ్ళు నిండలేదు. ఆ వైద్యుడి ఆసుపత్రి అక్కడికి పిలిస్తే పలికేటంత దూరం. ఆయన రాలేదు, రోగులున్నారట. సాయంత్రానికి మాత్రం తన కారు తాళంచెవి ఎక్కడున్నదో కనుక్కొని రమ్మని మనిషిని పంపాడు. ఆ మహానుభావుని కర్తవ్యనిష్ఠకు నమస్కరించి ముందుకు పోతాను.

సంస్మరణ సంచిక వేస్తున్నామని, నాలుగు మంచి మాటలు రాయమని సిరిసిల్ల నేత కార్మికుల సంఘం వారు అడిగారు. "మీరు తెలుగు పండితులు సారూ, మీకు చెప్పేదేమున్నది. జర ఘాటు తక్కువ రాయండి" అని కూడా అన్నారు. ఘాటు తీసేస్తే మా బావలో మిగిలేదేమిటో వారికే తెలియాలి. అశనిపాతం, పూడ్చలేని లోటు, ధన్యజీవి, కారణజన్ముడు వంటి మాటలు నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా జగిత్యాలలో ఎవరు పోయినా వాటిని పంచిపెడుతున్నాను. వడ్డీ వ్యాపారికి ఇచ్చాను, బడి ముఖం చూడని ప్రధానోపాధ్యాయునికి ఇచ్చాను. అవే మాటలు మా బావకు కప్పడానికి చెయ్యి రావడం లేదు.

రాజేశం బావ పన్నెండో ఏటి నుంచి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడ్డ మనిషి. ఆ చప్పుడులో పెరిగినవాడు కనుక మామూలుగా పలకరించినా పోట్లాటకు వచ్చినట్టే ఉండేది. బట్టల గిరాకీ పడిపోయి సాంచలు ఒక్కొక్కటే ఆగిపోతున్న కాలంలో, మన జిల్లాలో అందరూ పట్టే దారే పట్టి షార్జా వెళ్ళాడు. అక్కడ కార్లకు మెరుగుపెట్టే కార్ఖానాలో నాలుగేళ్ళు చేశాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మళ్ళీ రాజుకున్న ఆ చలికాలంలోనే తిరిగి వచ్చాడు.

ఆ రోజు నేను సిరిసిల్లలోనే ఉన్నాను. గల్ఫు నుంచి వచ్చిన పెట్టె విప్పుతున్నారంటే మన వాడల్లో అది ఒక శుభకార్యం. చుట్టాలు, పక్కింటివాళ్ళు గోడవారగా కూర్చున్నారు. పెట్టెలోంచి అక్కకు ఒక చీర, పిల్లలకు సబ్బులు, ఆ తరువాత దుప్పట్లో చుట్టిన బరువైన యంత్రం ఒకటి బయటికి వచ్చాయి. మా అమ్మ దానికేసి అనుమానంగా చూసింది.

"గిదేంది అల్లుడా? బంగారమేది?"

"గిదే అత్తమ్మా. గిది తిరిగితే ఏదన్న అద్దం లెక్క మెరుస్తది."

"ఏం మెరుస్తది?"

"కార్లు."

"మనకు కారేది?"

"మనకు లేదు. ఉన్నోళ్ళకు మెరుగు లేదు" అన్నాడు బావ.

గోడవారగా కూర్చున్నవాళ్ళు చాయ తాగకుండానే లేచి వెళ్ళారు. నేను కూడా ఆ సాయంత్రం బస్సులో, మా అక్క బతుకు ఏమైపోతుందో అని నిట్టూర్చుకుంటూ జగిత్యాలకు తిరిగి వచ్చాను. నా నిట్టూర్పులో అక్క మీద జాలి ఎంత ఉన్నదో, బావ మీద చిన్నచూపు అంతకంటే ఎక్కువ ఉన్నది. అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం లేదు గనుక ఒప్పుకుంటున్నాను.

పొద్దటి షిఫ్టు సాంచల మీద చేసి, మధ్యాహ్నం రెండు దాటాక వేములవాడ రోడ్డు పక్కన అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో కార్ల పని మొదలుపెట్టాడు. బోర్డు మీద 'కార్ డిటెయిలింగ్' అని రాయించాడు. నేతకారుల ఊరు కదా, వచ్చేపోయేవాళ్ళు దాన్ని టైలరింగ్ అని చదివారు. "ఏం రాజేశం, కార్లకు బట్టలు కుడుతవా?" అని ఒక సాంచల యజమాని నలుగురిలో నవ్వాడు. "కార్లకు గాదు సేటూ, నోర్లకు కుడుత. నీదే మొదటిది" అన్నాడు బావ. ఆ సేటు దగ్గరే అప్పుడు ఆయన షిఫ్టు చేస్తున్నాడు.

ఇంతకీ ఆ పనేమిటో చాలామందికి చివరిదాకా తెలియలేదు. పైపుతో నీళ్ళు కొట్టి పంపించే సర్వీసింగు దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. బావ చేసేది అది కాదు. ముందు నీటితో దుమ్మంతా పోగొట్టి, మైనం ముద్దలాంటి దానితో రంగు మీద అంటుకున్న తారు, ఇనుప రజను ఊడదీసేవాడు. తరువాత లేపనం పూసి గీతలు పోయేదాకా యంత్రం తిప్పేవాడు. ఆ మీద మెరుగు. లోపల సీట్ల కుట్ల మధ్య, గాలి వచ్చే జాలీల మధ్య, పళ్ళు తోముకునే కుంచెతో వేలెడు వేలెడు చొప్పున శుభ్రం చేసేవాడు. ఒక కారుకు రెండు రోజులు పట్టేది. కరెంటు కోతతో సాంచలన్నీ ఆగిపోయి కార్మికులు గడపల్లో కూర్చున్నప్పుడు, ఈయన యంత్రం పక్కన పెట్టి చేత్తోనే రుద్దేవాడు. "కరెంటు వోతే సాంచలాగుతయి. చేతులెందుకాగుతయి?" అనేవాడు.

ఊరూరా ఆత్మగౌరవమనే మాట మారుమోగుతున్న రోజులవి. గోడల మీద అదే, పాటల్లో అదే, మా ఉపాధ్యాయుల దీక్షల టెంట్లలో అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బంధువర్గం, ఒక మనిషి నిజాయితీగా పని చేసుకోవడాన్ని తమ ఆత్మగౌరవ సమస్యగా తీర్మానించింది. నేతపని చేసే ఇంట్లో పుట్టి ఊరివాళ్ళ కార్లు తుడవడమేమిటని మా పెద్దనాన్న పంచాయితీ పెట్టాడు. ఆయన కొడుకులిద్దరూ షార్జాలో అదే పని చేస్తున్నారు. దేశం కాని దేశంలో తుడిస్తే పరువు, సిరిసిల్లలో తుడిస్తే అప్రతిష్ఠ. ఈ సిద్ధాంతం ఏ శాస్త్రంలో ఉన్నదో నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆ పంచాయితీలో నేను పెద్దనాన్న వైపే కూర్చున్నాను.

ఆ తరువాతి ఏడు నేను చేతులు మారిన పాత కారు ఒకటి కొన్నాను. దాన్ని శుభ్రం చేయించడానికి కరీంనగర్ తీసుకుపోయాను. బావకు చెప్పలేదు. మా నాన్న సంవత్సరీకానికి అక్కా బావా జగిత్యాల వచ్చారు. బావ కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు డోరు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా రాశాడు. గుడ్డ చూసే నేతగాడు గుడ్డ మీద చెయ్యి రాసినట్టే ఉన్నది.

"ఎవడు తుడిచిండు గిది?"

"ఎవరో బావా, తెల్వదు."

"నైలాన్ కలిసిన గుడ్డ. గుండ్రంగ తిప్పుకుంట రుద్దిండు. ఎండల వెట్టి సూడు, సాలెగూడు లెక్క గీతలు కనవడ్తయి. మన దిక్కు గీ గుడ్డ వాడరు. కరీంనగర్ల చేపిచ్చినవా?"

నేను బావకు చాయ తెమ్మని లోపలికి కేకేశాను.

"నువ్వు చెప్పకు తీ. కారే చెప్పింది" అన్నాడు.

మరునాడు పొద్దంతా నా కారు మీద ఆ గీతలు తీస్తూ కూర్చున్నాడు. వందసార్లు ఉతికిన మెత్తటి నూలు ధోవతి ముక్కలు ఆయన దగ్గర మడతపెట్టి ఉండేవి. అంచు కుట్టు గీసుకుపోతుందని ప్రతి ముక్కకూ అంచులు కత్తిరించేవాడు. "గుడ్డ ఏందో తెల్వనోడు బండిని ముట్టద్దు" అనేది ఆయన మొదటి సూత్రం. ముప్ఫై ఏళ్ళు బట్ట నేసిన చేతికి ఏ పోగు ఎక్కడ గీస్తుందో తెలుసు. ఈ ఊళ్ళో ఆ విద్యకు విలువ కట్టినవాడు ఒక్కడూ లేడు. నేను అసలే కట్టలేదు.

బావకు మనుషుల మీద పెద్దగా గౌరవం ఉండేది కాదు. అది కార్ల లోపల పనిచేయడం వల్ల పెరిగిందని అక్క అనేది. "మనిషిని సూడాల్నంటే ఇంటికి వోవద్దు, బండి లోపలికి వోవాలె. ఇల్లు పెండ్లాం ఊడుస్తది గాబట్టి మంచిగుంటది" అనేవాడు. పారిశుద్ధ్యం మీద ఉపన్యాసాలిచ్చే ఒక అధికారి కారులో సీటు కింద ఆరునెలల గుట్కా ఉమ్ము గడ్డకట్టి ఉండటం చూశాడు. మద్యపాన నిషేధం కోసం మహిళలతో ర్యాలీ తీయించిన ఒకాయన కారులో ఏం దొరికి ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇవి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఒక విధమైన రోత కనిపించేది. కాని పేర్లు మాత్రం ఎన్నడూ చెప్పలేదు. నేను రెండు మూడు సార్లు ఆశగా అడిగాను. "నీకెందుకు? నీకు పాఠంల పనికస్తదా?" అని కసిరాడు.

ఆయన దేవుడేమీ కాదు. నోరు చెడ్డది. మా అక్క వండిన కూరను పేరు పెట్టకుండా తిన్న రోజు లేదు. పని సగంలో ఉండగా వచ్చి తొందరపెట్టిన వాళ్ళకు తాళంచెవులు విసిరికొట్టి "తీస్కపో" అన్న సందర్భాలు ఎన్నో. ఆ విధంగా పోగొట్టుకున్న గిరాకీతో ఇంకో షెడ్డు వేయవచ్చు. అక్క అప్పుడప్పుడు నాకు ఫోను చేసి ఏడ్చేది. నేను శ్రద్ధగా విని, సంస్కృత సుభాషితం ఒకటి చెప్పి ఊరడించేవాణ్ణి.

సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూసి మేమంతా టెంట్లలో కూర్చున్నాం. జగిత్యాలలో నేను రోజూ ఒక పద్యం రాసి మైకులో చదివేవాణ్ణి. బావ సిరిసిల్లలో రోడ్డు మీద వంటావార్పులో అన్నం వండే గంజులు మోశాడు, రాస్తారోకోలో పోలీసు లాఠీ దెబ్బ తిన్నాడు. రాష్ట్రం రావాలని ఆయనకు నాకంటే గట్టిగా ఉండేది. ఒక రోజు మా టెంటుకు వచ్చి, నా పద్యం విని, పక్కకు పిలిచాడు.

"మంచిగ సదివినవు బామ్మర్దీ. ఒకటి అడుగుత. మీరు నలభై దినాలు ఖాళీగ కూసుంటే దాన్ని ఉద్యమమంటున్నరు. మా వాడల సాంచలు బందయి నలభై నెలల సంది ఖాళీగ కూసున్నరు. దాన్నేమంటరు?"

మరునాడు దాని మీద ఇంకో పద్యం రాసి చదివాను. చప్పట్లు బాగా వచ్చాయి. మాట బావదని చెప్పలేదు.

ఇక ఆయన బతుకును మలుపు తిప్పిన రోజు గురించి రాయాలి. ఎల్లారెడ్డిపేట వైపు ఒక పల్లెలో, రాష్ట్రం ఇక రాదేమోనన్న నిరాశతో ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడు. అంత్యక్రియలకు మేము ఉపాధ్యాయులం కొందరం జగిత్యాల నుంచి బయలుదేరాం. దారిలో బావను కూడా తీసుకుపోదామని నేను సిరిసిల్లలో ఆయన షెడ్డు దగ్గర దిగాను. బావ చేతులు కడుక్కుంటున్నాడు. అప్పుడే ఒక పెద్ద తెల్ల బండి వచ్చి ఆగింది. అందులో ఉన్నది ఉద్యమంలో హోదా ఉన్న ఒక పెద్దమనిషి. పేరు రాయను. రాస్తే సంతోషిస్తాడు.

డ్రైవరు దిగి, "జల్ది కొట్టు రాజేశం. పావుగంటల పోవాలె, ఆడ టీవీలోళ్ళు ఎదురు చూస్తున్నరు" అన్నాడు.

వెనక అద్దం కిందికి దిగింది. "తమ్ముడు అమరుడైండు రాజేశం. పోతున్నం. బండి ఆగమాగమున్నది, జర మెరిపియ్యి" అన్నాడు పెద్దమనిషి.

బావ భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. "మెరిపియ్య" అన్నాడు.

"ఏంది?"

"ఆడ పోరని తల్లి మట్టిల పొర్లి ఏడుస్తుంది సారు. నీ బండి మీద దుమ్ముంటే ఆమెకు కానరాదు. మెరిస్తే కండ్లల్ల గుచ్చుకుంటది. గిట్లనే పో."

"నువ్వు నాకు చెప్పెటోనివా?"

"నేను చెప్పెటోన్ని గాదు, తుడిచెటోన్ని. ఇయ్యాల తుడువ."

పెద్దమనిషి ముఖం నల్లబడింది. బెంచీ మీద కూర్చున్న నన్ను చూశాడు. మా టెంటుకు రెండుసార్లు వచ్చినవాడు, నన్నెరుగును. "పంతులూ, మీ బావనే గద? గిట్లనేనా మాట్లాడేది?"

నేను లేచి నిలబడ్డాను. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. "ఆయనకు తెల్వదు సార్. మీరేమనుకోవద్దు" అన్నాను.

బండి వెళ్ళిపోయింది. బావ నా వైపు చూడలేదు. ఇద్దరం బస్సులో ఆ పల్లెకు వెళ్ళాం. మేము చేరేసరికి ఆ తెల్ల బండి ఊరి మొగదల నిగనిగలాడుతూ నిలబడి ఉన్నది. వేరేచోట కడిగించుకొనే వచ్చాడు. మైకులో పావుగంట ఏడ్చాడు. కెమెరాలు వెళ్ళాక ఆ కన్నీళ్ళు ఎంత వేగంగా ఇంకిపోయాయో చూసినవాణ్ణి నేను. బావ మాత్రం మైకు దగ్గరికి రాలేదు. చితికి కట్టెలు మోసే వరుసలో నిలబడ్డాడు.

వారం తిరగకముందే సేటు పిలిచి, "నీ షిఫ్టు వేరేటోనికిచ్చిన రాజేశం. మీదికెల్లి మాటచ్చింది, నన్నేమనకు" అన్నాడు. షెడ్డు ఉన్న జాగా యజమాని, అక్కడ రిలే దీక్షల టెంటు వేయాలి, ఖాళీ చేయమన్నాడు. ఖాళీ చేశాక దీక్షలు రెండు రోజులు జరిగాయి. ఆ తరువాత ఆ జాగాలో పెద్దమనిషి నవ్వు ముఖంతో ఒక ఫ్లెక్సీ వెలిసింది. అది ఎండకు వెలిసిపోయి చిరిగేదాకా అక్కడే ఉన్నది. ఒక కుటుంబం అన్నం ముద్ద మీద ఫ్లెక్సీ పాతడానికి పెద్దగా తెలివి అక్కరలేదు, అధికారం కూడా అక్కరలేదు. అది రాబోతున్నదన్న వాసన చాలు.

నేను పరుగెత్తుకుంటూ సిరిసిల్ల వెళ్ళాను. బావ పక్కన నిలబడటానికి కాదు.

"ఒక్కసారి పోయి తప్పయిందని చెప్పు బావా. పోయేదేమున్నది?"

"పోయేదేమున్నదో నీకు తెల్వదు" అన్నాడు ఆయన. "నీకది పుట్టినప్పటిసంది లేదు."

"వాన్నెందుకంటవ్? వాడు మన కోసమేనాయె చెప్పేది" అన్నది అక్క లోపలి నుంచి.

"ఎరుకే. గందుకే గింతనే అన్న."

అప్పటి నుంచి ఆయన సంచి పట్టాడు. యంత్రం, లేపనం డబ్బాలు, కుంచెలు, ధోవతి ముక్కలు అన్నీ ఒక కాన్వాసు సంచిలో సర్ది, బస్సులో ఊరూరా తిరిగి, కార్లున్నవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి పనిచేయసాగాడు. కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు వెనక జాగా వాడుకోమన్నారు. ఎస్తేరు అక్కడ ఊడ్చే పనికి వచ్చేది. పెగడపల్లి దగ్గర కూలి కుటుంబంలో పుట్టి, కోరుట్లకు కాపురానికి వచ్చిన మనిషి. చీపురు పక్కన పెట్టి రెండు రోజులు ఆయన పని చూసి, మూడో రోజు "నాకు నేర్పుతవా అన్నా?" అని అడిగింది. బావ ఆమె చేతికి ఒక గుడ్డ ఇచ్చి, "కండ్లు మూసుకొని బండి మీద రాయి. గరుకు ఎక్కడున్నదో చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. పని ఇచ్చాడు.

ఆమె తన కారులో కూర్చొని తుడవడం ఒక ఆసామికి నచ్చలేదు. ఆమెదే కులం, ఎవరింటి మనిషి అని బావను పక్కకు పిలిచి అడిగాడు. "నీ కారుదే కులం? గది చెప్పు, గా కులపోళ్ళనే తీస్కస్త" అన్నాడు బావ. ఆసామి కారు తీసుకొని వెళ్ళిపోయాడు. నెల తరువాత తిరిగి వచ్చాడు. ఎస్తేరే తుడిచింది.

బావ పోయిన మూడో రోజున సిరిసిల్ల సంఘం హాలులో సంతాప సభ జరిగింది. బతికుండగా ఆయనకు షిఫ్టు తీసేసిన సేటు పూలదండ తెచ్చాడు. టైలరింగ్ అని నవ్వినవాడూ ఆయనే. పంచాయితీ పెట్టిన మా పెద్దనాన్న ముందు వరుసలో కూర్చొని తువ్వాలతో కళ్ళొత్తుకున్నాడు. పెద్దమనిషి కూడా వచ్చాడు. "రాజేశం ఉద్యమ సహచరుడు, స్వయం ఉపాధికి ఆదర్శం, మా కుటుంబ సభ్యుడు" అని మైకులో గొంతు వణికించాడు. ఆ గొంతు ఎక్కడ వణకాలో అక్కడే వణుకుతుంది. వక్తలు ఏడుగురు. ఏడుగురూ ఆయన చేతిపనిని పొగిడారు. అందులో ఒక్కడికీ ఆ పని పేరు సరిగా పలకడం రాలేదు.

చివర ఎవరో ఎస్తేరును పిలిచారు. మైకుకు జానెడు దూరంలో నిలబడింది.

"మైకుల మాట్లాడుడు నాకు రాదు. అన్న నాకు పని నేర్పిండు. నేను ముంచిచ్చిన నీళ్ళు తాగిండు. గిప్పుడు మాట్లాడిన సార్లల్ల కొందరి బండ్లు నేను లోపలికెల్లి తుడిచిన. ఏమున్నదో చెప్ప. చెప్పద్దని అన్న అన్నడు."

దిగి వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. నేను ఇంతవరకు విన్న సంతాప ప్రసంగాలలో అంతకంటే గొప్పది లేదు. ఆ తరువాత నా పేరు పిలిచారు. నేను నా బస్తా విప్పి, పాత మాటలు నాలుగు పంచి, కూర్చున్నాను.

ఇక్కడ ముగిస్తే సంచికవారు సంతోషిస్తారు. ఇంకొక సంగతి ఉన్నది.

ఏడాదిన్నర కింద ఒక ఆదివారం బావ సంచితో జగిత్యాల వచ్చాడు. మా వీధి చివర ఉండే బ్యాంకు ఆఫీసరు కారు పని ఒప్పుకున్నాడు. ఆ ఇంటి ముందు నీడ లేదు. మా గేటు ముందు వేపచెట్టు నీడ, నల్లా ఉన్నాయి. కారు ఇక్కడికి తెచ్చి చేసుకుంటానన్నాడు. నేను గేటు పట్టుకొని నిలబడ్డాను.

"ఇక్కడ వద్దు బావా. మా హెడ్మాస్టరు ఎదురింట్లనే ఉంటడు. బడి పిల్లలు గీ తొవ్వనే పోతరు. బాగుండదు."

తిడతాడనుకున్నాను. నోటికి కుట్టు పడే మాట ఏదో వస్తుందని ముందే తల వంచుకున్నాను. ఆయన మాత్రం "గట్లనా. సరే తీ" అన్నాడు. సంచి భుజానికెత్తుకొని వీధి చివరికి నడిచి, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలోనే కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ తరువాత కూడా మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. ఎప్పటిలాగే నా పద్యాలను వెక్కిరించేవాడు, మా ఆవిడ చేసిన చాయకు వంక పెట్టేవాడు. గేటు సంగతి ఎత్తలేదు. మరిచిపోయాడనుకున్నాను. కర్మకాండ ముగిశాక అక్క చెప్పింది: "నీ ఇంటికి అచ్చినప్పుడల్ల సంచి బస్టాండుకాడ చాయ హోటల్ల పెట్టి, అంగి మార్చుకొని అచ్చెటోడు తమ్మీ. నీకు చెప్పద్దన్నడు."

నిన్న జగిత్యాల బస్టాండు దగ్గర ఆ హోటలు వెతుక్కుంటూ వెళ్ళాను. యజమాని ముసలాయన. సంచి పెట్టే మనిషి గురించి అడగగానే ముఖం విప్పారింది.

"రాజేశమా? నెల రోజులాయె, కనవడ్తలేడు. పానం మంచిగున్నదా?"

పోయాడని చెప్పాను. ఆయన గరిట పక్కన పెట్టి, పొయ్యి మంట తగ్గించాడు.

"ఒకపాలి అడిగిన సారూ, గీ బరువెందుకు ఈడ పెడ్తవని. 'మా బామ్మర్ది పెద్ద పంతులు. గీ సంచితోటి పోతే నలుగుట్ల చిన్నబోతడు. మనిషి మంచోడే, జర భయస్తుడు' అన్నడు." ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "మీకేమైతడు సారూ?"

"మా బావ" అన్నాను. నలుగురు వినేటట్టు ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.

ఊళ్ళో ప్రతివాడినీ ముఖం మీదే ఈసడించిన మనిషి, అందరికంటే ఎక్కువగా దానికి తగిన నన్ను వదిలేశాడు. పైగా నన్ను సమర్థిస్తూ ఒక అపరిచితుని దగ్గర మాట చెప్పాడు. నా పిరికితనాన్ని అంగి మార్చుకొని మోశాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఈ రోజు తేలికగా ఏడ్చేవాణ్ణి.

బావా, నీకు నేను చేసే నమస్కారానికి విలువ లేదని నాకు తెలుసు. అయినా చేస్తున్నాను. రేపు రాష్ట్రం వస్తే బండ్లు ఇంకా పెద్దవి వస్తాయి, ఇంకా తెల్లగా మెరుస్తాయి, వాటికి చేతులు జోడించేవాళ్ళం మేము చాలామందిమి ఉన్నాం. "ఇయ్యాల తుడువ" అనగలిగినవాడు సిరిసిల్లలో లేడు, కోరుట్లలో లేడు, జగిత్యాలలో మొదటి నుంచీ లేడు.